విశాఖలో ఎలక్ట్రిక్ కారు: ఇంట్లో మనమే చూసుకోగలిగినవి, ముట్టుకోకూడనివి

ప్రశ్న: మధురవాడలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. ఈమధ్యే ఎలక్ట్రిక్ కారు కొన్నాం. ఇంజిన్ ఆయిల్ లేదు, క్లచ్ లేదు, ఇక సర్వీసింగ్ ఎందుకు అంటున్నారు అందరూ. నిజమేనా? ఇంట్లో నేనే ఏమేం చూసుకోవచ్చు? ఉప్పు గాలికి బ్యాటరీ పాడవుతుందని ఒకాయన భయపెట్టారు. పైగా పొద్దున్నే బండి తీయగానే బ్రేకుల దగ్గర గరగరమంటోంది. అదొక టెన్షన్.

సమాధానం:

సర్వీసింగ్ తక్కువ అన్నది నిజం, అసలు అక్కర్లేదన్నది నిజం కాదు. ఉప్పు గాలి బండిని నడిపే మీ పెద్ద బ్యాటరీని ఏమీ చేయదు, అది సీలు చేసిన పెట్టెలో ఉంటుంది. మన ఊళ్లో ఉప్పు గాలి తినేది వేరే వాటిని: బ్రేకు డిస్కులు, పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ టెర్మినల్స్, మీ బిల్డింగ్ ఎర్తింగ్. ఈ మూడింటితో పాటు టైర్లనూ మీరు చూసుకుంటే ఇంట్లో చేయాల్సిన పనిలో ముప్పాతిక వంతు అయిపోయినట్టే. నెలకో ఆదివారం పొద్దున ఒక గంట చాలు. గరగర గురించి కంగారు పడకండి, కింద వివరంగా చెప్తాను.

నేను గాజువాక ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాటిలో ఎలక్ట్రిక్ బళ్లే ఎక్కువ. పెద్ద బ్యాటరీ పోయిందని భయపడుతూ వచ్చేవాళ్లలో చాలామందికి అసలు ఇబ్బంది నేను పైన చెప్పిన వాటిలోనే ఏదో ఒక దాంట్లో ఉంటుంది.

ముందు ముట్టుకోకూడనిది. బానెట్ ఎత్తితే నారింజ రంగు తొడుగు ఉన్న లావు వైర్లు కనిపిస్తాయి. వాటిని, అవి వెళ్లి కలిసే పెట్టెల్ని మీరు తాకకూడదు, మీ వీధి చివరి మెకానిక్ కూడా తాకకూడదు. వాటిలో మామూలుగా మూడు వందల వోల్టులకు పైనే డీసీ కరెంటు ఉంటుంది. బండి ఆఫ్ చేసినా కెపాసిటర్లలో కొంతసేపు కరెంటు నిలవ ఉంటుంది. శిక్షణ తీసుకున్నవాళ్లు కూడా పెద్ద బ్యాటరీని విడదీసే సర్వీస్ ప్లగ్ తీసి, కంపెనీ చెప్పినంతసేపు ఆగి, మీటరుతో కొలిచి, తగిన గ్లౌజులు వేసుకున్నాకే చేయి పెడతారు. ఇది మినహా నేను కింద చెప్పేవాటిలో చాలావరకు జాగ్రత్తగా చేసుకుంటే ఎవరైనా చేయగలిగినవే.

ఇప్పుడు మీ బ్రేకుల సంగతి. ఎలక్ట్రిక్ కారులో యాక్సిలరేటర్ వదలగానే మోటారే జనరేటరుగా మారి బండిని నెమ్మది చేస్తుంది, ఆ కరెంటు బ్యాటరీలోకి వెళ్తుంది. దాన్నే రీజెన్ అంటున్నాం. దానివల్ల బ్రేకు ప్యాడ్లు పెట్రోలు కారులో కంటే చాలా ఎక్కువ కాలం వస్తాయి. కానీ ప్యాడ్ డిస్కుకు రాసుకోవడం తగ్గిపోయేసరికి, డిస్కు మీద పేరుకునే తుప్పు ఎప్పటికప్పుడు రాలిపోయే అవకాశం కూడా తగ్గుతుంది. హైదరాబాదులో ఇది పెద్ద సమస్య కాదు. రుషికొండ, భీమిలి రోడ్డు మీద రోజూ తిరిగే బండికి, రాత్రంతా సముద్రపు తేమలో నిలబడే బండికి మాత్రం తెల్లారేసరికి డిస్కు మీద ఎర్రటి పొర వచ్చేస్తుంది. మీరు వింటున్న గరగర చాలావరకు అదే. మొదటి నాలుగైదు బ్రేకులకు పోయిందంటే ఇబ్బంది లేదు.

అయితే దాన్ని అలాగే నెలల తరబడి వదిలేస్తే తుప్పు తిని డిస్కు మీద గుంటలు పడతాయి, కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు బిగుసుకుపోతాయి. అప్పుడు ప్యాడ్లు అరగకుండానే డిస్కులు మార్చాల్సి వస్తుంది. మందు చాలా తేలిక. వారానికోసారి రీజెన్‌ను సున్నాకో, అతి తక్కువకో పెట్టి, వెనకాల ఎవరూ లేని ఖాళీ రోడ్డులో యాభై అరవై వేగం నుంచి పెడల్ గట్టిగా నొక్కి ఇరవైకి తీసుకురండి. నాలుగైదుసార్లు చేస్తే చాలు. పొద్దున్నే హైవే సర్వీసు రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు చేసుకోవచ్చు. బండి కడిగిన తరువాత కూడా వెంటనే పార్క్ చేయకుండా ఒక చుట్టు తిప్పి, రెండు మూడు బ్రేకులు వేసి డిస్కులు ఆరబెట్టండి. గరగర రోజంతా ఉన్నా, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతున్నా, తిరిగి వచ్చాక ఒక చక్రం మాత్రమే మిగతావాటికన్నా బాగా వేడిగా ఉన్నా ఆలస్యం చేయకుండా చూపించండి. కాలిపర్ పట్టేసి ఉండొచ్చు. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి మామూలుగా రెండేళ్లకోసారి మార్పించాలి, మన తేమలో దాన్ని అసలు వాయిదా వేయొద్దు.

బ్రేకుల మాట వచ్చింది కాబట్టి అరకు గురించి కూడా చెప్పాలి. బ్యాటరీ నిండుగా ఉంటే రీజెన్ సరిగా పనిచేయదు, వచ్చే కరెంటు పోయడానికి లోపల చోటుండదు కదా. అరకులో రాత్రంతా చార్జింగ్ పెట్టి నూటికి నూరు చేసుకుని అనంతగిరి ఘాట్ దిగడం మొదలుపెడితే, అలవాటైన పట్టు లేక బండి జారిపోతున్నట్టు అనిపిస్తుంది, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. పదిహేను వందల కిలోల బండి తొమ్మిది వందల మీటర్ల ఎత్తు నుంచి దిగుతుంటే అందులో దాదాపు మూడున్నర యూనిట్ల శక్తి ఉంటుంది. అదంతా బ్రేకుల్లో వేడిగా పోవడం కంటే అందులో సగమైనా బ్యాటరీకి రావడం మేలు. కొండ మీద ఎనభై శాతం దగ్గర ఆపేసి దిగండి.

ఇక చిన్న బ్యాటరీ. ఎలక్ట్రిక్ కారులో కూడా మామూలు కార్లలో ఉండే పన్నెండు వోల్టుల బ్యాటరీ ఉంటుంది, చాలా బళ్లలో లెడ్ యాసిడ్‌దే. తాళాలు, లైట్లు, కంప్యూటర్లు దాని మీదే నడుస్తాయి. పెద్ద బ్యాటరీని బండితో కలిపే కాంటాక్టర్లు మూసుకోవాలన్నా దాని కరెంటే కావాలి. అంటే పెద్ద బ్యాటరీలో ఎనభై శాతం ఉన్నా, చిన్నది చచ్చిపోతే బండి కదలదు, కొన్నిసార్లు తలుపు కూడా తెరుచుకోదు. రిమోట్ తాళంలో దాచిన చిన్న ఇనుప తాళం చెవి ఎక్కడుందో ఈ రోజే చూసి పెట్టుకోండి.

మన ఊళ్లో నేవీలో పనిచేసేవాళ్ల కుటుంబాలు ఎక్కువ. ఓడ మీద నెలల తరబడి వెళ్లి వచ్చాక బండి తెరుచుకోవట్లేదని ఫోన్ చేస్తారు. వెళ్లి చూస్తే పెద్ద బ్యాటరీ వదిలి వెళ్లినప్పటి శాతానికి దగ్గరగానే ఉంటుంది, చిన్నది మాత్రం పూర్తిగా దిగిపోయి ఉంటుంది. దానికితోడు డాష్‌క్యామ్ ఒకటి పార్కింగ్‌లో కూడా నడిచేలా బిగించి ఉంటే ఇంకా త్వరగా దిగుతుంది. ఇంట్లో ఎవరైనా ఉంటే వారానికోసారి బండిని రెడీ మోడ్‌లో అరగంట, ముప్పావు గంట ఉంచమనండి. రెడీలో ఉన్నంతసేపు పెద్ద బ్యాటరీ చిన్నదాన్ని చార్జ్ చేస్తుంది. ఊరికే లైట్లు, మ్యూజిక్ పెట్టుకుని కూర్చుంటే లాభం లేదు, డాష్‌బోర్డు మీద రెడీ అని పడాలి. ఎవరూ లేకపోతే నెగటివ్ టెర్మినల్ విప్పి వెళ్లవచ్చు, కానీ ముందు మీ మాన్యువల్‌లో ఆ పేజీ చదవండి. విప్పాక తలుపులు ఎలా తెరవాలన్నది ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది.

దీన్ని కొలవడం సులువు. మంచి మల్టీమీటరు ఒకటి కొనుక్కోండి, కింద ఎర్తింగ్ దగ్గర కూడా పనికొస్తుంది. బండి రాత్రంతా ఆగి ఉన్నాక టెర్మినల్స్ మధ్య 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కంటే తక్కువైతే బాగా దిగిపోయినట్టు. బండి రెడీలో పెట్టి మళ్లీ చూస్తే పదమూడున్నర, పద్నాలుగున్నర మధ్య రావాలి. రాకపోతే పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదాన్ని చార్జ్ చేసే డీసీ కన్వర్టరు వైపు తేడా ఉంది, అది సర్వీస్ సెంటర్ పని. టెర్మినల్ మీద తెల్లగానో పచ్చగానో చిలుము కనిపిస్తే, బండి ఆఫ్ చేసి, పానాతో ముందు నెగటివ్ విప్పి, తరువాత పాజిటివ్ విప్పి, వేడినీళ్లలో కాస్త వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, బాగా తుడిచి ఆరబెట్టి, ముందు పాజిటివ్, చివర నెగటివ్ బిగించి, పైన వాజలీన్ రాయండి. బీచ్ రోడ్డు వైపు ఉండేవాళ్లయితే ఇది మూడు నెలలకోసారి చూసుకోవాలి. ఇంకొకటి, వేరే కారు బ్యాటరీ దిగిపోతే మీ ఎలక్ట్రిక్ కారు నుంచి జంపర్ వైరు ఇవ్వకండి. ఇంజిన్ తిప్పే స్టార్టరు లాగే కరెంటు ఇవ్వడానికి మీ చిన్న బ్యాటరీని పెట్టలేదు.

ఎర్తింగ్, ప్లగ్గు. నన్నడిగితే ఇది అన్నిటికంటే ముఖ్యం. ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే పోయేది బండి కాదు, మనిషి.

కారుతో వచ్చిన పదిహేను ఆంపియర్ల చార్జరు మూడు కిలోవాట్లకు పైగా లాగుతుంది, అంటే పద్నాలుగు ఆంపియర్ల దాకా, ఎనిమిది తొమ్మిది గంటలు ఆగకుండా. గీజరు కూడా బాగానే లాగుతుంది గానీ పావుగంటలో ఆగిపోతుంది. గీజరుకు చక్కగా పనిచేసిన సాకెట్టే రాత్రంతా కారుకు పెడితే కరిగిపోవడం నేను చాలాసార్లు చూశాను. చార్జింగ్ పెట్టిన అరగంటకు వెళ్లి ప్లగ్గు వెనక ప్లాస్టిక్ మీద చేయి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే. చేయి పెట్టి ఉంచలేనంత వేడిగా ఉంటే వెంటనే ఆపేయండి, లోపల పట్టు వదులైంది. సాకెట్ మార్చాలి, వైరు చివర్లు నల్లబడితే కత్తిరించి కొత్తగా బిగించాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద కారు ఎప్పుడూ పెట్టకండి. మీటరు దగ్గర నుంచి విడిగా నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి), ముప్పై మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చి), ఇండస్ట్రియల్ సాకెట్. ఎలక్ట్రీషియన్‌కు ఇదే మాట చెప్పండి. మీటరు చాలా దూరమైతే వైరు ఇంకా లావుది వేయాల్సి వస్తుంది.

ఎర్తింగ్ చూడాలంటే మల్టీమీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి సాకెట్‌లో కొలవండి. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 దగ్గర, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. ఈ చివరిది పది, ఇరవై చూపిస్తే ఎర్తింగ్ సరిగా లేదనో, ఆ లైనులో న్యూట్రల్ బాగాలేదనో అనుకోవాలి. కరెంటు సాకెట్‌లో మీటరు పుల్లలు పెట్టడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో కొలిపించి, పక్కన నిలబడి అంకెలు చూడండి. మీటరు రీడింగ్ బాగున్నంత మాత్రాన ఎర్త్ గొయ్యి గట్టిగా ఉన్నట్టు కాదు, దాని రెసిస్టెన్స్ కొలిచే వేరే మీటరు ఉంటుంది. అపార్ట్‌మెంట్ కాబట్టి అసోసియేషన్ వాళ్లతో చెప్పి ఏడాదికోసారి అది కొలిపించండి.

మన ఊళ్లో దీనికి రెండు కష్టాలు. కొండవాలు కాలనీల్లో కింద రాయి, వేసవిలో నేల ఎండిపోయి ఎర్తింగ్ బలహీనపడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గొయ్యిలో వారానికి రెండు మూడు బకెట్ల నీళ్లు పోయించండి. సముద్రం దగ్గరేమో గొయ్యి బాగానే ఉంటుంది గానీ పైన జీఐ పట్టీ (జింకు పూత వేసిన ఇనుప పట్టీ), బోల్టు కలిసేచోట తుప్పుతో తెగిపోతుంది. పెదవాల్తేరులో ఒక ఇంట్లో చార్జరు మీద ఎర్ర లైటు పడుతోందని పిలిస్తే వెళ్లాను. పట్టీ పైకి నిక్షేపంలా ఉంది, బోల్టు కింద మాత్రం పొడి పొడి అయిపోయింది. అంతకుముందే ఎవరో వచ్చి ప్లగ్గులో న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలిపేస్తే లైటు ఆరిపోతుందని సలహా ఇచ్చారట. ఆ పని ఎవరు చెప్పినా చేయనివ్వకండి. ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజున కారు బాడీ మొత్తానికి 230 వోల్టులు వచ్చేస్తుంది. వానలో చెప్పుల్లేకుండా తలుపు పట్టుకున్న పిల్లవాడి సంగతి ఆలోచించండి. చార్జరు ఎర్ర లైటు వేసి మొరాయించిందంటే అది మిమ్మల్ని కాపాడుతోంది.

టైర్లు. ఎలక్ట్రిక్ కారు అదే సైజు పెట్రోలు కారు కంటే బరువు. పైగా మొదటి అడుగు నుంచే పూర్తి లాగుడు ఉంటుంది కాబట్టి టైర్లు త్వరగా అరుగుతాయి. డ్రైవరు తలుపు పక్కన అంటించిన స్టిక్కరు మీద ఉన్న గాలే పెట్టించండి, బంకులో వాళ్లు అలవాటుగా పెట్టేది కాదు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. ఎండలో తిరిగాక ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేయకూడదు. పది వేల కిలోమీటర్లకోసారి టైర్లు ముందువి వెనక్కి మార్పించండి. గాలి తగ్గితే రేంజ్ కూడా తగ్గుతుంది, బ్యాటరీ పోతోందని కంగారు పడేముందు అది చూడండి.

పంక్చర్ షాపు దగ్గర మీరు పక్కనే నిలబడాలి. పెట్రోలు కారు అలవాటుతో వాళ్లు జాకీని ఎక్కడ చోటు దొరికితే అక్కడ పెడతారు. మీ బండి కింద మధ్యలో ఉన్నదంతా బ్యాటరీయే. జాకీ దానికి ఆనించి లేపితే పెట్టె నొక్కుకుపోతుంది, ఆ సొట్ట చూసి వారంటీ కుదరదంటారు. చక్రాల పక్కన అంచున గుర్తులు ఉంటాయి, అక్కడే పెట్టాలి. స్పీడ్ బ్రేకరుకో రాయికో కింద గట్టిగా తగిలినా ఒకసారి లిఫ్ట్ మీద ఎక్కించి చూపించండి.

మిగతా చిన్నవి. ఏసీ ఫిల్టరు డాష్‌బోర్డు అర వెనకాల ఉంటుంది, చాలా బళ్లలో చేత్తోనే తీయొచ్చు. కాన్వెంట్ జంక్షన్, జ్ఞానాపురం, మల్కాపురం వైపు రోజూ తిరిగేవాళ్లకు పోర్టు బొగ్గు దుమ్ముతో అది నల్లగా అయిపోతుంది, వాళ్లు కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే మార్చుకోవాలి. వైపర్ రబ్బర్లు వానాకాలానికి ముందు. కూలెంట్ డబ్బాలో మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో చూడటం వరకే మీ పని. తగ్గితే కుళాయి నీళ్లు గానీ, షాపులో దొరికే ఏదో కూలెంట్ గానీ పోయకండి. కొన్ని బళ్లలో బ్యాటరీకి వాడేది కరెంటును చాలా తక్కువగా ప్రవహించనిచ్చే ప్రత్యేక రకం. సెల్లార్లో ఎలుకలు ఉంటే బానెట్ వారానికోసారి ఎత్తి చూడండి, కొరికిన గుర్తు నారింజ వైరు మీద కనిపిస్తే బండి తీయకుండా ఫోన్ చేయండి. కడిగేటప్పుడు కింద భాగాన్ని మామూలు పైపు నీళ్లతో నెలకోసారి కడిగితే ఉప్పు పోతుంది. ప్రెషర్ గన్ మాత్రం చార్జింగ్ మూత మీదకు, కనెక్టర్ల మీదకు దగ్గరగా కొట్టనివ్వకండి. చార్జింగ్ పోర్టు లోపల పొడి గుడ్డతో పై పైన తుడిస్తే చాలు, నూనెలు, స్ప్రేలు వద్దు. భీమిలి దగ్గర ఇసుకలోకి ఫొటోల కోసం బండి దింపకండి.

పెద్ద బ్యాటరీకి మీరు చేయాల్సింది తక్కువ. చాలా కంపెనీలు దానికి ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. లిథియం బ్యాటరీల్లో ఎల్‌ఎఫ్‌పీ (ఐరన్ ఫాస్ఫేట్), ఎన్‌ఎంసీ (నికెల్ మాంగనీస్ కోబాల్ట్) అని రెండు రకాలు ఎక్కువగా వస్తాయి, మీ బండిలో ఉన్నది ఏదో తెలుసుకోండి. ఎన్‌ఎంసీ అయితే రోజువారీ ఎనభై దగ్గర ఆపడం మంచిది. ఎల్‌ఎఫ్‌పీ అయితే అప్పుడప్పుడూ, మాన్యువల్ చెప్పినన్ని రోజులకోసారి, నిదానంగా ఇంటి చార్జరు మీద నూరు దాకా పెట్టాలి. ఆ రకంలో వోల్టేజీ మధ్యలో పెద్దగా మారదు, అందుకని నూరు దాకా వెళ్తే తప్ప లెక్క సరిచూసుకోవడం కంప్యూటరుకు కష్టం. పన్నెండు శాతం చూపించి ఉన్నట్టుండి నాలుగుకు పడిపోయిందని వచ్చేవాళ్లలో చాలామందికి ఇదే మందు. ఎండలో తిరిగొచ్చిన వెంటనే కాకుండా కాస్త చల్లారాక చార్జింగ్ పెట్టండి. చార్జింగ్‌లో ఫ్యాను శబ్దం వచ్చినా, కింద ఏసీ నీళ్లు కారినా అది బ్యాటరీని చల్లబరుస్తోందంతే.

తుఫాను రోజులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. హెచ్చరిక రాగానే బండి నిండా చార్జ్ చేసి, సెల్లార్లోంచి తీసి ఎత్తుగా ఉన్నచోట, చెట్టూ హోర్డింగూ లేనిచోట పెట్టండి. పిడుగులు పడుతుంటే ప్లగ్గు తీసేయండి. చాలా బ్యాటరీలకు ఐపీ67 అని రాసి ఉంటుంది, అంటే మీటరు లోతు మంచినీళ్లలో అరగంట పరీక్ష. సెల్లార్లో రాత్రంతా బురదనీళ్లలో నానడానికి అది హామీ కాదు. నీళ్లు బండి లోపలి నేల దాకా వస్తే ఆన్ చేయకండి, చార్జింగ్ అసలు పెట్టకండి, ఆరిపోయిందని అనిపించినా సరే. నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ బండినే పిలవండి. తాడు కట్టి లాగితే చక్రాలతో పాటు మోటారు తిరిగి కరెంటు పుట్టిస్తుంది, అది వేరే నష్టం.

ఏడాదికోసారి సర్వీస్ సెంటర్‌కు వెళ్లడం మానొద్దు. కూలెంట్, బ్రేకు ఆయిల్, గేర్‌బాక్సు ఆయిల్, ఇన్సులేషన్ పరీక్ష, సాఫ్ట్‌వేర్ వాళ్ల పనే. వెళ్లినప్పుడు కాలిపర్ పిన్నులు విప్పి గ్రీజు పెట్టమని మీరే నోరు తెరిచి అడగండి. వేరే ఊళ్ల బళ్లకు అంత అవసరం లేదు కాబట్టి వాళ్ల లిస్టులో అది ఉండకపోవచ్చు.

మీరు ముందు ఈ ఆదివారం మీ పార్కింగ్ సాకెట్ మూడు రీడింగులు కొలిపించి ఇక్కడ రాయండి. బిల్డింగ్ కట్టి ఎన్నేళ్లయిందో, సాకెట్‌కు వైరు మీటరు దగ్గర నుంచి ఎంత దూరం వచ్చిందో కూడా చెప్పండి. వాటిని చూసి ఏం మార్చాలో చెప్తాను. ఈలోగా చార్జరులో ఆంపియర్లు తగ్గించే వీలుంటే పదికి తగ్గించి పెట్టుకోండి.